మీ షిఫ్టు చార్టు, మా ఊరి పిల్లలు: కంపెనీ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాల కంపెనీల యాజమాన్యాలకు, హెచ్‌ఆర్ మేనేజర్లకు, మనుషుల్ని పనికి పంపే కాంట్రాక్టర్లకు...

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఏర్పేడు మండలంలో ఒక ఊరి అంగన్‌వాడీ టీచర్ని. మీ బస్సులు ఆగే ఊళ్లలో మాదీ ఒకటి. మీ దగ్గర లైన్లో నిలబడి ఫోన్లకీ టీవీలకీ భాగాలు బిగించే ఆడపిల్లల్లో పెళ్లై పిల్లలున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మూడేళ్లు దాటిన ఆ పిల్లలు నా దగ్గరికి వస్తారు. అంతకంటే చిన్నవాళ్లకి బాలామృతం, పాలు, గుడ్లు ఇవ్వడానికీ, బరువు తూయడానికీ నేనే వాళ్ల ఇళ్లకి పోతుంటాను. మీ ఉద్యోగుల బిడ్డలు ఎవరి ఒళ్లో, ఎట్లా పెరుగుతున్నారో రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆడవాళ్లు పనులు మానేసి ఇంట్లో కూర్చోవాలనేది నా మాట కాదు. మీరు రాకముందు మా పక్క ఆడపిల్లలు తిరుప్పూరు బనియన్ కంపెనీలకో, చెన్నై, బెంగళూరు గార్మెంట్లకో పోయి హాస్టళ్లలో ఉండేవాళ్లు. పెళ్లయితే పని మానేయాల్సిందే. ఇప్పుడు ఇంటి నుంచే పోయి వస్తున్నారు. సొంత జీతం చేతిలో ఉన్న తల్లి బిడ్డకి ఒక గుడ్డు ఎక్కువ పెట్టాలంటే అత్తనీ మొగుడినీ అడగాల్సిన పని లేదు. నెలనెలా బరువులు తూసేటప్పుడు ఆ మార్పు నాకు తెలుస్తుంది. ఆ ఉద్యోగాలు ఉండాలి, పెరగాలి.

నా దిగులు వేరే ఉంది. బరువు సరిగ్గా ఉన్న పిల్లల్లోనే కొందరు మాటల దగ్గర వెనకబడిపోతున్నారు.

రెండేళ్లు నిండే సరికి బిడ్డ రెండు మాటలు కలిపి పలకాలి. "అమ్మ రా", "పాలు ఇయ్యి", "కుక్క పోయింది", అట్లాంటివి. మా ఊళ్లో రెండున్నరేళ్ల పిల్లాడొకడు ఏది కావాలన్నా వేలు చూపించి అరుస్తాడు. వాడికి బలం బాగానే ఉంది, నడక బాగానే ఉంది. అనుమానం వచ్చి తిరుపతికి పంపించి చెవులు పరీక్ష చేయించాం. వినికిడి బాగుంది. "వీడితో ఎవరు మాట్లాడతారు ఇంట్లో?" అని అడిగిందంట డాక్టరమ్మ. వాళ్ల అవ్వకి ఏం చెప్పాలో తెలియలేదు. మాట ఆలస్యం కావడానికి కారణాలు చాలా ఉంటాయి. వినికిడి లోపం ఉండొచ్చు, ఆటిజం ఉండొచ్చు. అందుకే ముందు పరీక్షకే పంపిస్తాం. కానీ ఏ జబ్బూ లేదని తేలిన తర్వాత మిగిలేది డాక్టరమ్మ అడిగిన ప్రశ్నే.

ఆ అవ్వని తప్పు పట్టేదానికి నాకు నోరు రాదు. ఆమెకి యాభై దాటి ఒకటో రెండో ఏండ్లు. రెండు ఆవులున్నాయి. తెల్లవారితే పాలు పిండి కేంద్రానికి పోయాలి, గడ్డి కోసుకురావాలి, పని ఉన్న రోజుల్లో ఉపాధి హామీకి పోవాలి. కోడలు బస్సెక్కి పోయాక బిడ్డ ఆమె మెడకి పడతాడు. "ఏం జేసేది టీచరమ్మా, చంకన ఏసుకుని గడ్డి కోసేదానికయితాదా? ఫోన్ ఇస్తే గమ్మున కూసుంటాడు. అది చూపిస్తేనే ముద్ద మింగుతాడు" అంటుంది. ఏడాది లోపు బిడ్డకి తెర అసలే చూపించవద్దనీ, రెండేళ్లు దాటాక నాలుగేళ్ల దాకా రోజుకి గంటకి మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ మాట నేను ఆమెకి చెప్పాను. గడ్డి ఎవరు కోస్తారో మాత్రం చెప్పలేకపోయాను.

చంటిబిడ్డకి మాటలు ఎట్లా వస్తాయో పెద్ద చదువులు చదివిన మీకు చెప్పనక్కర్లేదేమో గానీ, చెప్పాల్సిన అవసరం ఉందనే నాకు అనిపిస్తుంది. మన ఇళ్లల్లో బిడ్డకి నీళ్లు పోసే తీరు చూడండి. కాళ్లు చాపుకుని బిడ్డని పడుకోబెట్టుకుంటారు. నూనె రాస్తూ, చేతులు సాగదీస్తూ, ముక్కు నొక్కుతూ నోటికొచ్చింది మాట్లాడుతూనే ఉంటారు. బిడ్డ ఏదో కూత పెడితే "ఏందిరా, నీళ్లు చల్లగున్నాయా?" అని బదులు చెప్తారు. బిడ్డ మళ్లీ కూస్తుంది. రాత్రి కథ చెప్తే పిల్లలు ఊఁ కొట్టాలి, ఊఁ అనకపోతే కథ ముందుకి నడవదు. ఇట్లా ఒకరు అంటే ఒకరు బదులిచ్చే ఆటలోనే మెదడు కట్టుకుంటుంది. ఫోన్ ఎంత మాట్లాడినా బిడ్డ కూతకి బదులు చెప్పదు. బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. మా మండలంలోనే ఐఐటీ ఉంది, ఐసర్ అనే పెద్ద సైన్సు కాలేజీ ఉంది. వాటి గేట్ల ముందు నుంచి పోయే మీ బస్సుల్లో కూర్చున్న ప్రతి తల్లికీ తన బిడ్డ ఏదో ఒకరోజు ఆ గేటు లోపలికి పోవాలనే ఆశ ఉంటుంది. ఆ చదువుకి పునాది పడేది పదో తరగతి తర్వాత కోచింగులో అని మనం అనుకుంటున్నాం.

తిండి పెడితే చాలు, మిగతాది దానంతటదే వస్తుందని చాలామంది అంటారు. మా శాఖలోనూ చాన్నాళ్లు అదే ధోరణి. జమైకా దేశంలో జరిగిన పని గురించి చదివాక నాకు ఆ నమ్మకం సడలింది. 1986, 87 సంవత్సరాల్లో అక్కడి కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో, తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు వయసుండి, ఎత్తు పెరగక గిడసబారిన 129 మంది పిల్లల్ని సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టరూ ఆమె తోటివాళ్లూ ఎంచుకున్నారు. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్లకి వారానికి ఒక గంట ఆరోగ్య కార్యకర్త పోయి, ఇంట్లో ఉండే వస్తువులతో చేసిన బొమ్మలు పెట్టుకుని బిడ్డతో ఎట్లా ఆడాలో, ఎట్లా మాట్లాడాలో తల్లికి చూపించేది. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు అట్లా నడిపారు. ఇరవై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే, తల్లికి ఆట నేర్పిన ఇళ్ల పిల్లలు ఆ సాయం అందని పిల్లలకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. గిడసబారని తోటి పిల్లలతో సమానంగా వచ్చేశారు. పాలపొడి ఒక్కటే తీసుకున్నవాళ్లలో అంతకాలం నిలిచిన తేడా కనిపించలేదు.

పాలు, గుడ్లు పంచేదాన్ని నేను. అవి అక్కర్లేదని ఎట్లా అంటాను? ఆకలి తీరకపోతే ఆటా లేదు, మాటా లేదు. కానీ ఆ ఫలితం చదివిన రోజు నుంచి, ఇంటికి పోయినప్పుడు పాల ప్యాకెట్ చేతిలో పెట్టి సంతకం చేయించుకుని వచ్చేయకుండా కాసేపు కూర్చుని బిడ్డతో ఆడి చూపిస్తున్నాను. అయితే ఎవరికి చూపించేది? తల్లి మీ దగ్గర ఉంటుంది.

మీ షిఫ్టు చార్టు సంగతికి వస్తాను.

"ఎ" షిఫ్టుకి, అంటే పొద్దుటి షిఫ్టుకి పోయే తల్లి తెల్లవారుజామున బస్సెక్కాలి. అంతకుముందే లేచి అన్నం, కూర వండి, క్యారియర్ కట్టుకుని, నిద్రపోతున్న బిడ్డ పక్కలోంచి చప్పుడు కాకుండా లేచి వస్తుంది. బిడ్డ మేలుకుంటే పోనివ్వడు మరి. తిరిగి ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతుంది. బి షిఫ్టు అయితే మధ్యాహ్నం పోతుంది, వచ్చేసరికి ఊరు నిద్రపోయి ఉంటుంది. సి షిఫ్టు తల్లి పొద్దున్నే వస్తుంది గానీ ఆమె కండ్లు మూసుకుపోతుంటాయి. బిడ్డ వచ్చి మీద పడితే "పోరా అవతలికి" అని విసుక్కుంటుంది, కొన్నిసార్లు ఒక దెబ్బ వేస్తుంది, తర్వాత తనే ఏడుస్తుంది. ఏడాది, రెండేళ్ల బిడ్డ రోజులో పదకొండు నుంచి పద్నాలుగు గంటలు నిద్రలోనే ఉంటుంది. మేలుకుని ఉండే కాస్త సమయంలో తల్లి ఇంట్లో ఉండి, ఆమె కూడా మేలుకుని ఉండి, చేతిలో పని లేకుండా ఉండేది ఎంతసేపో మీరే లెక్క వేసుకోండి. దానికి తోడు, వారం వారం షిఫ్టు మారితే ఆ కాస్త సమయం ఏ పూట వస్తుందో బిడ్డకి అంతుపట్టదు. పోయిన వారం పొద్దున్న కనిపించిన అమ్మ ఈ వారం పొద్దున్న ఎందుకు లేదో రెండేళ్ల బిడ్డకి ఎవరు చెప్తారు? రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచేలా, ఆడవాళ్లని రాత్రి షిఫ్టుల్లోకి తీసుకునేలా చట్టాలు సవరించాలని 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ రోజు పేపర్లలో పెట్టుబడుల గురించి రాశారు, పరిశ్రమల గురించి రాశారు. ఆ అదనపు గంట ఎవరి ఒళ్లోంచి పోతుందో ఎవరూ రాయలేదు.

మా కేంద్రంలో పిల్లలు ఆడే ఒక ఆట గురించి మీకు తప్పకుండా చెప్పాలి. నేను నేర్పింది కాదు, వాళ్లే కల్పించుకున్నారు. చాపలు వరసగా పరిచి బస్సు అంటారు. ఒకడు డ్రైవరు. ఒక పాప అమ్మ, మెడలో పాత రిబ్బను వేసుకుంటుంది. అదే ఐడీ కార్డు. ఇంకో పాప బిడ్డ, కండ్లు గట్టిగా మూసుకుని పడుకోవాలి. అమ్మ మునివేళ్ల మీద నడుచుకుంటూ పోవాలి. చప్పుడైతే బిడ్డ లేచి ఏడవాలి, అప్పుడు బస్సు వెళ్లిపోతుంది, అమ్మ ఓడిపోయినట్టు. చప్పుడు కాకుండా బస్సెక్కితే అమ్మ గెలిచినట్టు. మేం చిన్నప్పుడు అన్నం వండే ఆట ఆడుకున్నాం, దుకాణం ఆట ఆడుకున్నాం. పిల్లలు చూసిందే ఆడతారు. వీళ్లు చూసింది ఇది. ఆ ఆటలో అమ్మ తిరిగి వచ్చే భాగం లేదు. "అమ్మ ఇంటికి ఎప్పుడొస్తుంది?" అని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు నేను ఆ ఆటలోకి దూరి, అమ్మ రావడం కూడా ఆడిస్తున్నాను.

వారం సెలవు రోజు ఇంకో రకం. ఆ ఒక్క రోజులో తల్లి వారం అంతా తీర్చేయాలనుకుంటుంది. బిడ్డ అడిగిందల్లా కొనిస్తుంది, చిప్సు ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, బ్యాటరీ కార్లు. సాయంత్రానికి బట్టలు ఉతికేది మిగిలిపోయి, రేపటి షిఫ్టు గుర్తొచ్చి, బిడ్డ పేచీ పెడితే కసురుకుంటుంది. మరుసటి రోజు ఆ బిడ్డ నా దగ్గరికొచ్చి పక్కవాణ్ణి కొరుకుతాడు. ఒకే మనిషి పొద్దున అడిగిందల్లా ఇచ్చి, సాయంత్రం అదే అడిగితే కొడితే బిడ్డకి ఏది మంచో ఏది చెడో ఎట్లా తెలుస్తుంది? పెంపకం అంటే ఈ చిన్న చిన్న విషయాలే. ఒక మాట మీద నిలబడటం, భోజనానికీ నిద్రకీ ఒక వేళ ఉండటం, ఏడిస్తే ఎందుకని అడిగేవాళ్లు ఉండటం. వీటికి డబ్బు పెట్టక్కర్లేదు. ఒంట్లో కొంచెం ఓపిక మిగిలి ఉండాలి. లైన్లో ఎనిమిది, తొమ్మిది గంటలు నిలబడి, బస్సులో కూర్చుని వచ్చిన మనిషి దగ్గర ఆ ఓపిక ఎంత మిగులుతుంది? ఊళ్లో వాళ్లు మాత్రం "జీతానికి ఆశపడి బిడ్డని గాలికి వదిలేసింది" అని ఆమెనే అంటారు. ఆ మాట ఎవరు అన్నా నేను ఎదురు చెప్తాను.

తండ్రుల సంగతి అడుగుతారని తెలుసు. వాళ్లనీ అడగాల్సిందే. మా ఊళ్లో ఒకతను మీ కంపెనీల్లో ఒకదాంట్లో రాత్రి షిఫ్టు చేస్తాడు. పొద్దున దిగి, స్నానం చేసి, కూతురికి తల దువ్వి తనే కేంద్రానికి తీసుకొస్తాడు. దారిలో ఊరికే నడవడు. "అదిగో మీ మామ ట్రాక్టరు. ఏ రంగు? చక్రం ఎంత పెద్దది? దూడ ఎందుకు అరుస్తోంది?" అని అడుగుతూ వస్తాడు. పాప ఒక్కో ప్రశ్నకీ ఆగి జవాబు చెప్తుంది. ఆ దారి పది నిమిషాల నడక, వాళ్లకి అరగంట పడుతుంది. కేంద్రంలో అందరికంటే ఎక్కువ మాటలు ఆ పాపకే వచ్చు. అంత చిన్న పిల్ల నన్ను "టీచర్, గేరు అంటే ఏంది?" అని అడిగింది. బిడ్డని పెంచేది తల్లి ఒక్కతే కావాలని ఏమీ లేదు. నాయన కావచ్చు, అవ్వ కావచ్చు, మంచి ఆయమ్మ కావచ్చు. ఎవరో ఒకరు రోజూ అదే మనిషి అయ్యి, బిడ్డ మాటకి బదులు చెప్తూ ఉండాలి. మిగతా మగవాళ్లకి నేను చెప్పేది నేనే చెప్పుకుంటాను, వాళ్లు మా ఊరివాళ్లే కదా. మీ చేతిలో ఉన్నది మీరు చేయండి.

చట్టం ఏం చెప్తుందో మీ హెచ్‌ఆర్ వాళ్లకి తెలుసు. మా తల్లులకి తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాల సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు పోయి బిడ్డని చూసుకోవచ్చు. ఆ 50 మందిలో ఆడవాళ్లు ఎందరని చూడరు, మొత్తం ఉద్యోగుల్ని లెక్కిస్తారు. అంతకుముందే, 1948 ఫ్యాక్టరీల చట్టంలో 30 మంది కంటే ఎక్కువ మంది ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ల లోపు పిల్లలకి గది ఉండాలని ఉండేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ క్రెష్ నిబంధన ఉంచారు. చట్టాలకి కొదవ లేదు.

కొదవ ఎక్కడంటే, 26 వారాలంటే ఆరు నెలలు. అంగన్‌వాడీలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి ముందటి చదువు చెప్పేది మూడేళ్లు నిండాక. ఆ ఆరు నెలలకీ ఈ మూడేళ్లకీ మధ్యలో ఉన్న రెండున్నరేళ్లు బిడ్డ ఎవరిది? మాటలు వచ్చే వయసు అదే. నడక, మలమూత్రాల అలవాటు, తిండి అలవాటు, మనుషుల్ని నమ్మడం, అన్నీ ఆ వయసులోనే. సర్కారు దగ్గర ఆ వయసు వాళ్లకి ఇంటికిచ్చే రేషన్ ఉంది, రోజంతా చూసుకునే ఏర్పాటు అంతగా లేదు. మీ దగ్గర ఉండాల్సిన క్రెష్, ఉన్న చోట కూడా ఖాళీగా ఉందని విన్నాను. "మేం పెట్టాం, ఎవరూ పిల్లల్ని తీసుకురారు" అని ఒక కంపెనీ అధికారి మా ఊరి పెద్దలతో అన్నాడు. ఎట్లా తెస్తారు? చీకట్లో, నిలబడే జనంతో కిక్కిరిసిన బస్సులో, పది నెలల బిడ్డని ఎత్తుకుని అంత దూరం ఏ తల్లి వస్తుంది? సెలవు సంగతీ అంతే. కాంట్రాక్టరు కింద పనిచేసే పిల్ల కడుపుతో ఉందని తెలియగానే "రేపటి నుంచి రానవసరం లేదు" అనడం, కాన్పు తర్వాత కొత్త మనిషిగా మళ్లీ చేర్చుకోవడం నేను ఎరిగిన ఇళ్లల్లోనే జరిగింది. నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కడుతున్న మనిషికి, ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజుల పని ఉంటే ఆ 26 వారాల జీతం ఈఎస్ఐ ఇస్తుంది. మీ జేబులోంచి పోయేది కాదది. అయినా ఎందుకు తీసేస్తారో నాకు అర్థం కాదు.

బస్సు సమస్యకి దారి చట్టంలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం క్రెష్ పని చోటు దగ్గరే ఉండాలని లేదు, తల్లులు ఉండే ఇళ్ల దగ్గర కూడా పెట్టొచ్చు. నాలుగైదు కంపెనీలు కలిసి ఒకటి నడుపుకోవడానికీ చట్టం ఒప్పుకుంటుంది. ఒక ఊరి స్టాపులో నాలుగు కంపెనీల బస్సులు ఆగుతాయి, నలుగురూ కలిసి ఆ ఊళ్లోనే ఒక క్రెష్ పెడితే బిడ్డ బస్సెక్కాల్సిన పనే లేదు. కేంద్ర ప్రభుత్వానికి పాల్నా అని పథకం ఉంది, అంగన్‌వాడీ కేంద్రంలోనే ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని రోజంతా చూసుకునే ఏర్పాటు అది. అంగన్‌వాడీల్ని నడిపే ఐసీడీఎస్ అధికారులూ మీరూ ఒకచోట కూర్చుంటే రెండు వైపుల నుంచీ దారి దొరుకుతుంది. ఇప్పటిదాకా మీరు ఎవరితోనూ కూర్చోలేదు.

క్రెష్ అంటే ఉయ్యాలలు వరసగా పెట్టి, ఒక ఆయమ్మని కాపలా ఉంచిన గది అయితే నాకు వద్దు. రుమేనియా దేశపు అనాథాశ్రమాల్లో పిల్లలకి మంచం ఉండేది, తిండి ఉండేది, ఎత్తుకుని మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆ దేశ రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో అలాంటి 136 మంది పిల్లల్ని చూశారు. కొందర్ని కుటుంబాల్లోకి పంపారు. ఆశ్రమంలో ఉండిపోయినవాళ్లు తెలివితేటల్లో బాగా వెనకబడ్డారు. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి చేరినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. మన ఊరి ఇల్లు అనాథాశ్రమం కాదు, ఆ పోలిక పెట్టడం లేదు. క్రెష్‌కి జీతం ఎంత తక్కువ ఇస్తే సరిపోతుందని లెక్కలు వేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలని చెప్తున్నాను. తరచూ మారిపోని ఆయమ్మలు కావాలి. పిల్లలతో మాట్లాడటం, ఆడటం నేర్చుకున్నవాళ్లు కావాలి. మూడేళ్ల లోపు పిల్లలతో ఏ నెలలో ఏ ఆట ఆడాలో చెప్పే నవచేతన అనే పుస్తకం కేంద్రం 2024లో తెచ్చింది. ఆయమ్మలకి అది నేర్పాలి. నేర్పడానికి నేను వస్తాను. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, అక్కడి హోంసైన్స్ వాళ్లని అడగండి.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లకి కూడా ఇదే విన్నపం. తోతాపురి కాయ దిగే ఆ రెండు మూడు నెలలూ ఆడవాళ్లు రాత్రనకా పగలనకా పని చేస్తారు. సీజనే కదా అని వదిలేయొద్దు. ఎనిమిది నెలల బిడ్డకి మూడు నెలలంటే పుట్టిన దగ్గర నుంచి బతికిన కాలంలో మూడో వంతు కంటే ఎక్కువ.

నేను అడిగేవి ఇవి. మూడేళ్ల లోపు బిడ్డ ఉన్న తల్లికి వారం వారం షిఫ్టు మార్చకండి. ఏదో ఒకటి ఖాయంగా, వీలైతే పగటి షిఫ్టు ఇవ్వండి. భార్యాభర్తలిద్దరూ మీ దగ్గరే చేస్తుంటే ఇద్దరినీ ఒకే షిఫ్టులో వేయకండి, బిడ్డకి ఎవరో ఒకరు దొరుకుతారు. బిడ్డకి పదిహేను నెలలు నిండే దాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు చట్టమే ఇచ్చింది, బిడ్డ దూరంగా ఉన్న తల్లికి కనీసం పాలు పిండి దాచుకునేందుకు తలుపు ఉన్న గదీ, ఫ్రిజ్జూ ఇవ్వండి. ఇప్పుడు ఆమె బాత్రూంలో పిండి పారబోస్తోంది. ఇంటర్వ్యూలో "పిల్లలున్నారా?" అని అడిగి వెనక్కి పంపే పద్ధతి మానండి. ఈ ఉత్తరం చూసి, ఇట్లాంటి తలనొప్పి ఎందుకు, తల్లుల్ని తీసుకోవడమే మానేద్దాం అనుకునేవాళ్లు ఉంటారేమో అని రాసేటప్పుడు నాకు భయం వేసింది. అట్లా జరిగితే మా ఇళ్లల్లో వెలుగుతున్న పొయ్యి ఆరిపోతుంది. అందుకే తండ్రులకి కూడా ఈ సదుపాయాలన్నీ వర్తింపజేయండని అడుగుతున్నాను. బిడ్డ జ్వరంతో ఉంటే సెలవు నాయనకి కూడా ఇవ్వండి. అప్పుడు తల్లిని తీసుకుంటే ఒక ఖర్చు, తండ్రిని తీసుకుంటే ఒక ఖర్చు అనే లెక్క ఉండదు.

కార్మిక శాఖ అధికారులకి ఒక్క మాట. తనిఖీకి పోయినప్పుడు క్రెష్ ఉందా అని రిజిస్టరులో చూడకండి. గదిలోకి పోయి, ఎంతమంది బిడ్డలు ఉన్నారో, వాళ్లు ఏం చేస్తున్నారో చూసి రాయండి.

మా ఊరి వరకు పని మొదలుపెట్టాం. పాత బడి పక్కన ఖాళీగా ఉన్న గదిని క్రెష్‌కి ఇవ్వడానికి గ్రామసభలో ఒప్పుకున్నారు. గదికి కరెంటు ఉంది, నీళ్ల కనెక్షన్ లాగాలి, కింద బండలు లేచిపోయాయి, మరుగుదొడ్డి చిన్నపిల్లలకి తగ్గట్టు మార్చాలి. మూడేళ్ల లోపు బిడ్డలున్న మీ ఉద్యోగుల పట్టీ, ఎవరు ఏ కంపెనీలో ఏ షిఫ్టులో చేస్తున్నారో రాసి, తల్లుల సంతకాలతో నా దగ్గర ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఆయమ్మలుగా చేయడానికి ముందుకొచ్చారు, ఇద్దరూ ఇంటర్ చదివారు. మా ఊరి స్టాపులో బస్సులు ఆపే మీ నాలుగు కంపెనీల తరఫున ఒక్కరు వచ్చి ఆ గది చూసి, ఖర్చు ఎవరు ఎంత పెడతారో మాట్లాడి పోతే చాలు. ఆదివారం తప్ప ఏ రోజైనా రండి. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక వస్తే నాకు మాట్లాడటానికి వీలుంటుంది, అప్పటికి బి షిఫ్టు తల్లులు ఇంకా స్టాపులోనే ఉంటారు. వాళ్లతో కూడా మాట్లాడవచ్చు.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
ఏర్పేడు మండలం, తిరుపతి జిల్లా